గుండెకు వేసిన మార్కులు

ధర్మపురి,
12-9-1986.

అమ్మకు, నీ కొడుకు వేడియప్పన్ రెండు చేతులూ ఎత్తి మొక్కి రాస్తున్న జాబు. హాస్టల్లో నేనూ, హొగేనక్కల్లో కాళియప్పన్ మామా బాగున్నాం. బెంగళూరులో నువ్వూ వళ్ళక్కా బాగుండాలని రోజూ అనుకుంటాను. ‘బాగున్నాం’ అనే మాట రాసేటప్పుడు నా చెయ్యి కాస్త ఆగింది. ఎందుకో కిందికి పోయేకొద్దీ తెలుస్తుంది.

ఈ జాబు కావాలనే తెలుగులో రాస్తున్నాను. అరవంలో రాస్తే మీరు కట్టడం పని చేసేచోట మేస్త్రీ నుంచి ఇసుక జల్లించేవాళ్ళ దాకా అందరూ చదివి నీకంటే ముందు నీ సంగతి మాట్లాడుకుంటారు. తెలుగైతే అక్కడ అక్క ఒక్కతే చదవగలదు. అక్కా, నిదానంగా చదువు. ఏ మాటా మింగొద్దు.

అమ్మా, కడుపుకు సరిగ్గా తింటున్నానా అని అడిగించావు. తింటున్నాను. పొద్దున గుడ్డు ఇస్తారు, మధ్యాహ్నం అన్నం ఎంత అడిగితే అంత పెడతారు. చదువు గురించి అడిగావు. లైబ్రరీలో ఒక పాత తెలుగు నిఘంటువు దొరికింది. ఎవరూ తెరవక పేజీలు అతుక్కుపోయి ఉన్నాయి. వాటిని మెల్లగా విడదీసి చదువుతున్నాను. మనం దమ్ము అనేదాన్ని అందులో ఆయాసం అన్నారు. గుండె కొట్టుకోవడాన్ని స్పందన అన్నారు. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, పరుగెత్తుతూ కూడా దాన్నే అనుకునేవాణ్ణి. ఇప్పుడు అనుకోవడం లేదు.

ఆ మిషన్ షాక్ కొడుతుందా అని అడిగావు కదా, కొట్టదు. ధర్మరాజ్ సార్, అదే మా పరుగుల మాస్టరు, ఆయన బావమరిది జర్మనీ నుంచి తెచ్చి ఇచ్చాడు. ఛాతీకి కట్టే పట్టీ ఒకటి, చేతికి పెట్టుకునే గడియారం లాంటిది ఒకటి. పట్టీ మన ఒంటిని తాకి గుండె చప్పుడు పట్టుకుంటుంది, గడియారంలో అంకె పడుతుంది. బెంచీ ఎక్కి దిగి, ఎక్కి దిగి, తర్వాత కూర్చోవాలి. గుండె ఎంత తక్కువ కొట్టుకుని ఎంత తొందరగా చల్లబడితే అన్ని ఎక్కువ మార్కులు. ఆ మార్కులు వేసేది కూడా మిషనే, సార్ కాదు. ఈ పరుగుల హాస్టల్లో ఖాళీగా ఉన్న ఒక్క సీటూ ఆ మార్కుల మీదే ఇచ్చారు.

ఆ మార్కులు వేసిన రోజు పొద్దున ఏం జరిగిందో నీకు మామ చెప్పి ఉండడు. మంచి పనికి పోయేవాణ్ణి ఒంటికి నూనె తగలకుండా మన ఇంట్లో గడప దాటనివ్వరు కదా. మామ ముందు రోజే వచ్చాడు, కాచిన నువ్వుల నూనె సీసాతో. హొగేనక్కల్ జలపాతానికి నూనె స్నానాలకు వచ్చే లారీ డ్రైవర్లను బండ మీద పడుకోబెట్టి రుద్దినట్టే నన్నూ రుద్దాడు. ఛాతీ మీదైతే అరచేతులు వేడెక్కేదాకా వదల్లేదు.

“చాలు మామా, కారుతా ఉంది,” అన్నాను.

“కారనీ అల్లుడా. ఇంజన్‌కి నూనె లేకుండా బండి నడుస్తాదా? తలకు మాత్రం సీకాయ పెట్టుకో. ఎదమీద కడిగినావంటే నా చేతి బలమంతా మోరీలో పోతాది, చూడు!”

నేను కడగలేదు. ఆ నూనె మీదే పట్టీ కట్టుకున్నాను.

అంకె చూసి సార్ గడియారాన్ని రెండుసార్లు తట్టారు. “ఇది మనిషి గుండె కాదురా, గుర్రం గుండె!” అని అందరికీ వినబడేట్టు అరిచారు. (సార్ మాట్లాడేది అరవం. నేను మన మాటలో రాస్తున్నాను.) నాకు అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. తీర్థమలై ఎల్లప్పన్‌కు నా తర్వాతి మార్కులు వచ్చాయి. వాడు కొండ మెట్లు పరుగున ఎక్కి దిగుతూ పెరిగినవాడు. పందెంలో ఎప్పుడూ నాకంటే ముందు వచ్చేవాడు. ఆ సీటు వాడిదేనని ఊరంతా అనుకుంది. సీటు రాకపోయినా బయట ఉండి మాతోనే పరుగెత్తుతున్నాడు.

నాకు సీటు వచ్చిందని నువ్వు అక్కడ అందరికీ బొరుగులూ బెల్లమూ పంచావని అక్క రాసింది. దాని కింద నువ్వు చెప్పి రాయించిన మాట ఒకటి ఉంది: “మీ నాయన గుండె నీకు రాలేదు. నాకు అది చాలు.” ఆ జాబు మడిచి నా దిండు కింద పెట్టుకున్నాను. దాని మీద నిద్ర పట్టక ఇప్పుడు ఇది రాస్తున్నాను.

అక్కా, ఇక్కడ చదవడం ఆపు. అమ్మను జనం లేని చోటికి తీసుకుపో. కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని, తర్వాత చదువు.

అమ్మా, నేను పడిపోయాను. సేలం రోడ్డు మీద పరుగెత్తుతుంటే ఎదలో ఏదో గిజగిజలాడి, కళ్ళు చీకట్లు కమ్మి, రోడ్డు పక్కన బోర్లా పడ్డాను. అది మొదటిసారి కాదు. అంతకుముందు కూడా ఆయాసం వచ్చి ఆగిపోతే సార్ నవ్వేవారు. “గుర్రం గుండె పెట్టుకుని గాడిద కాళ్ళా నీకు? బద్ధకం కాళ్ళలో ఉంది, ఇంకొక రౌండు పో” అనేవారు. మార్కులు ఎక్కువ కాబట్టి పరుగూ ఎక్కువ. అందరికంటే నన్నే ఎక్కువ దూరం పరుగెత్తించారు.

పడిన రోజు సార్ నాకు పట్టీ కట్టి చూశారు. ఆ రోజు ఒంటి మీద నూనె లేదు. అంకె చాలా ఎక్కువ చూపించింది. సార్ మొహం చిట్లించి “బ్యాటరీ పోయింది” అన్నారు. కొత్త బ్యాటరీ వేసినా అదే అంకె. “మిషన్‌కి ఎండ తగిలింది” అని పెట్టెలో పెట్టేశారు. తప్పు చెప్పిన రోజు నమ్మిన మిషన్‌ని, నిజం చెప్పిన రోజు నమ్మలేదు.

నాకు అనుమానం మొదలైంది. పట్టీ తుడిచి పెట్టే పని నాదే కాబట్టి, ఒక సాయంత్రం ఎల్లప్పన్‌ని పిలిచి ఇద్దరం పరీక్ష చేశాం. సైన్సు టీచరు నేర్పినట్టు వాడు నా మెడ మీద వేళ్ళు పెట్టి లెక్కపెట్టాడు. ఒళ్ళు పొడిగా ఉంటే వాడి లెక్కా గడియారం లెక్కా ఒకటే. ఎదకు నూనె పట్టించి కడితే గడియారంలో సగమే పడింది. నూనె వల్ల పట్టీ ఒంటిని సరిగ్గా అంటుకోక, కొన్ని దెబ్బలు దానికి తెలియడం లేదు. తెలియని దెబ్బలను అది లేనట్టే తీసుకుని మార్కులు వేసింది.

“నీ గుండెకాయ పెద్దాఫీసు అటెండరు మాదిరి ఉండాదిరా. రెండుసార్లు పిలిస్తే ఒకసారి పలుకుతాది,” అని ఎల్లప్పన్ నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆపేశాడు. “అట్లయితే ఆ సీటు...” అని, నా ఎద మీది నూనె తన తువ్వాలుతో తుడిచాడు. వాడు తిట్టి ఉంటే నాకు బాగుండేది.

మర్నాడు సార్‌కు చెప్పాను. నూనె సంగతి, మెడ మీద వేళ్ళ సంగతి అంతా చెప్పాను.

“ఎల్లప్పన్ నేర్పి పంపినాడా?”

“లేదు సార్. మీరే నూనె పూసి చూడండి సార్.”

“జర్మనీ మిషన్‌కి నీ మామ నూనె బుద్ధి చెప్తాదా? నీ మార్కు మద్రాసు ఆఫీసుకు రాసి పంపినాను. ఇప్పుడు తప్పంటే నా మొహం ఎక్కడ పెట్టుకునేది? ఆదివారం కాక ఆపై ఆదివారం సేలంలో పదివేల మీటర్ల పందెం నువ్వు పరుగెత్తి తీరల్ల. కాదంటావా, నిన్ను చేర్చింది మీ ఇంటి పెద్దోళ్ళు. వాళ్ళే వచ్చి కాదని చెప్పనీ.”

ఎల్లప్పన్ నన్ను పెద్దాసుపత్రికి లాక్కుపోయాడు. డాక్టరు చెవి గొట్టం నా ఎద మీద ఒకచోట పెట్టి, మళ్ళీ అదే చోట పెట్టి, చాలాసేపు విన్నాడు. “ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉండిందా?” అన్నాడు. నాన్న రాళ్ళ గంప దించకుండానే ఎద పట్టుకుని కూలిపోయాడని నేను చెప్పాలి. చెప్పలేకపోయాను. గుండెకు గ్రాఫ్ తీయాలి, పెద్దవాళ్ళను తీసుకురా, అంతవరకూ పరుగెత్తొద్దు అన్నాడు. ఆ మాట కూడా సార్‌కు చెప్పాను. “డాక్టర్లు అట్లనే అంటారు” అన్నారు.

మామకు ఇంకా తెలియదు. ఆయనకు చెప్పొద్దమ్మా. పందానికి ముందు మళ్ళీ సీసా తీసుకుని వస్తానని కబురు పంపాడు. నాకు మేలు చేసిన చేతులే ఇట్లా చేశాయని తెలిస్తే, ఆ చేతులతో ఆయన ఇక ఎవరినీ రుద్దలేడు.

నాన్న గుండె నాకు వచ్చిందో లేదో నాకు తెలియదు. మిషన్‌కీ తెలియదు. రాకపోయినా ఆ సీటు నాది కాదు, ఎల్లప్పన్‌ది. ఈ రెండో మాట ఒప్పుకోవడానికి నాకు భయం లేదు. మొదటి మాటకే భయపడి, అమ్మా, రాత్రంతా అరచెయ్యి ఎద మీద పెట్టుకుని పడుకుంటున్నాను. చెయ్యి తీస్తే అది ఆగిపోతుందేమో అనిపిస్తుంది.

గ్యాంగు వదిలి వస్తే నీ చోట ఇంకొకరిని పెట్టుకుంటారని తెలుసు. తెలిసే అడుగుతున్నాను. రా. ఇరవై ఒకటో తేదీ పందెం లోపే వచ్చి సార్ ఎదురుగా నిలబడి “నా కొడుకు పరుగెత్తడు” అని చెప్పు. ఎన్నో మాటలు నేర్చుకున్నాను, ఈ ఒక్క మాట ఆయన ముందు నా నోట రావడం లేదు. నిలబడితే కాళ్ళు వాటంతటవే గీత దగ్గరికి పోతాయి.

నువ్వు రాకపోతే నేను పరుగెత్తుతానమ్మా.

ఇట్లు,
నువ్వు వస్తావని బస్టాండులో చూస్తూ ఉండే
నీ కొడుకు
వేడియప్పన్