నేను చూడని ఆఖరి పావుగంట

బజారులో అందరూ అనుమానం మేస్త్రి అని పిలిచే నేను, వయసు డెబ్బై ఒకటి, వృత్తి తాళాల మరమ్మతు, బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. స్థిమితంగా ఉన్నట్టు డాక్టరు దగ్గర కాగితం కూడా తీసుకున్నాను. ఆయన మా అబ్బాయికి స్నేహితుడని తెలిశాక ఇంకో డాక్టరు దగ్గర ఇంకో కాగితం తీసుకున్నాను. రెండూ జతపరిచాను.

ఇంతకుముందు రాసిన వీలునామాలు రెండూ రద్దు. మొదటిది నేనే చించేశాను. రెండోదాన్ని ఎవరో తీసి చదివి, మళ్లీ పెట్టేటప్పుడు నాలుగు మడతలకు బదులు మూడు మడతలు పెట్టారు. ఎవరో నాకు తెలుసు. నాకు తెలుసని వాళ్లకీ తెలుసు.

దీన్ని అమలు జరిపే బాధ్యత మా అమ్మాయిది. తను నర్సు. కాగితం మీద రాసింది రాసినట్టు చేస్తుంది, సొంత తెలివి కలపదు.

1. షాపు, అందులోని ఆకురాళ్లు, పట్టకార్లు, తాళంచెవులు కోసే మిషను మా అబ్బాయికి సర్వహక్కులతో చెందుతాయి. షరతు ఒక్కటే. తాళం పోయిందని వచ్చినవాడు ఆ ఇల్లు తనదేనని రుజువు చూపించేదాకా మారు తాళంచెవి చెయ్యకూడదు. ముఖం చూసి నమ్మేసే గుణం వాడికి వాళ్లమ్మ దగ్గర్నుంచి వచ్చింది.

2. ఇల్లు, మేడ మీది గదితో సహా, నా భార్యకు. ఆమె తదనంతరం పిల్లలిద్దరికీ చెరిసగం. గదులు కొలవడం ఇప్పటినుంచే మొదలుపెట్టారు. కొలత టేపు బియ్యం డబ్బా వెనక ఉండటం నేను చూశాను.

3. నా సినిమా పుస్తకాలు. ఇవి నాలుగు లాంగ్ నోటుబుక్కులు, మొత్తం నాలుగు వందల పన్నెండు సినిమాలు. ఎడమ పేజీలో నా అభిప్రాయం, కుడి పేజీలో ముగింపు, కింద పదికి ఇన్ని అని మార్కులు. పేపర్లో రాసేవాళ్లు సినిమా చూడకుండానే రాస్తారని నా గట్టి నమ్మకం, అందుకే నేను రాసుకున్నాను.

హీరో హెయిర్‌పిన్నుతో తాళం తీసే సినిమాలు పంతొమ్మిది. అన్నిటికీ సున్నా. కవలల సినిమా ఒకదానిలో తమ్ముడి పుట్టుమచ్చ ఇంటర్వెల్ తర్వాత రెండో చెంపకు మారింది. ఇంకో హాలులో మళ్లీ చూసి ఖాయం చేసుకున్నాను. వాన పాటలో హీరోయిన్ నిలువునా తడిసింది, వెనకున్న గోడ మాత్రం పొడిగా ఉంది. మూడు గంటలు పగ తీర్చుకున్న హీరో ఒకడు ఎవరి మీద పగో మర్చిపోయినట్టు కనిపించాడు. చూపు తగ్గిపోతున్న సంగతి ఆఫీసులో దాచుకునే టైపిస్టు సినిమా ఉంది. కథంటూ ఏమీ లేదు. కాలు మీద కాలు మార్చకుండా కూర్చున్నాను. ఎనిమిది.

ఈ పుస్తకాలు ఎవరికి చెందాలో చెప్పేముందు, వీటిని ఎలా రాశానో వారసులు తెలుసుకోవాలి.

4. సినిమా హాలు స్టాండులో పెట్టిన స్కూటరు హ్యాండిల్ తాళం ఎంతసేపట్లో ఊడొస్తుందో నాకు తెలుసు. నలభై సెకన్లు. ఆట వదలడానికి పావుగంట ముందు స్టాండువాడు టీకి పోతాడని కూడా తెలుసు. కాబట్టి పెళ్లయిన నాటినుంచీ ఏ సినిమా అయినా సరే, ఆఖరి పావుగంట ఉందనగా నేను లేచి వెళ్లి స్కూటరు దగ్గర నిలబడేవాణ్ణి. నా భార్య ఆఖరిదాకా చూసి వచ్చేది. దారిలో వెనక కూర్చుని, నా చెవి దగ్గర ముగింపు చెప్పేది. ఇంటికి రాగానే ఆమె చెప్పింది చెప్పినట్టు కుడి పేజీలో రాసి, అప్పుడు మార్కులు వేసేవాణ్ణి. పిల్లలు నవ్వేవారు. స్కూటరు మాత్రం పోలేదు.

5. పోయినేడు మోకాలి ఆపరేషనయ్యాక రెండు నెలలు టీవీ ముందు కూర్చోబెట్టారు. మధ్యాహ్నం నా భార్య పడుకున్నాక పాత సినిమాలు చూశాను. కాపలా కాయాల్సిన స్కూటరు లేదు గనక ఆఖరిదాకా చూశాను. ముగింపు నా పుస్తకంలో ఉన్నట్టు లేదు. టీవీవాళ్లు కోసి అతికించారనుకున్నాను. ఇంకోటి చూశాను. అదీ తేడాగానే ఉంది. నా పుస్తకాన్నే ఎవరో దిద్దారేమోనని భూతద్దం పెట్టి చూశాను. అక్షరాలు నావే.

అప్పుడు తేదీలు పట్టుకున్నాను. మొత్తం పద్నాలుగు చూశాను. మా పెద్దపిల్ల పోకముందు హాల్లో చూసినవి అయిదు, అవి అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయి. ఆ తర్వాతవి తొమ్మిది, తొమ్మిదీ తేడాయే.

పాపకి అప్పుడు ఆరేళ్లు. జ్వరం వచ్చిన నాలుగో రోజుకు చేతికి దక్కలేదు. మా అబ్బాయికి మూడేళ్లు, వాడికి గుర్తుండదు. అమ్మాయి ఇంకా పుట్టలేదు. నాలుగు నెలల తర్వాత పక్కింటివాళ్లు బలవంతం చేస్తే మేమిద్దరం ఒక సినిమాకు వెళ్లాం. జనంలో తప్పిపోయిన పిల్ల కథ. ఎప్పటిలాగే నేను లేచి వచ్చేశాను. దారిలో నా భార్య చెప్పింది: ‘‘దొరికిందండీ. స్టేషన్ మాస్టరు గదిలో బల్ల మీద కూర్చుని బిస్కెట్టు తింటోంది. రెండు జడలు, ఒకదానికి రిబ్బను ఊడిపోయింది.’’ అలాగే రాసుకున్నాను. పదికి పది వేశాను. నాలుగు పుస్తకాల్లో పది వచ్చిన సినిమా అదొక్కటే.

టీవీలో చూస్తే ఆ పిల్లకి మొదటినుంచీ క్రాపు. పిల్ల దొరకదు.

రెండుంపావు గంటలు ఆ క్రాపు పిల్లను హాల్లో కూర్చుని చూసినవాణ్ణి, ఇంటికొచ్చి రెండు జడలని రాశాను. ఎదుటివాడి గోడ తడిసిందా లేదా చూసే నేను అక్కడ అనుమానపడలేదు. రోజూ స్కూలుకు పోతూ రిబ్బను పారేసుకునేది మా పాప. ఈ సంగతి తెలిసిన మధ్యాహ్నం నేను చాలాసేపు ఏడ్చాను. టీవీ గొంతు పెంచి ఏడ్చాను, నా భార్యకు వినబడకుండా. వినబడలేదనే అనుకుంటున్నాను, కానీ ఆ సాయంత్రం అడక్కుండానే రెండోసారి టీ ఇచ్చింది.

6. నడవని ఆ స్కూటరు, దాని కాగితాలు, రెండు తాళంచెవులు బస్సు కండక్టరుగా రిటైరయిన మా బావమరిదికి. అతను ఇరవై ఏడేళ్లుగా మా గడప తొక్కలేదు. కారణం నేను.

అదే సినిమా అతనూ చూసి, భోజనాల దగ్గర అన్నాడు: ‘‘పిల్ల దొరకదు బావా. లైట్లు వేసేదాకా కూర్చున్నాను.’’ నేను పుస్తకం తెచ్చి చూపించాను. ‘‘ఆ పిల్లకి జడలెక్కడివి?’’ అన్నాడు. నలుగురి ముందు అతన్ని అబద్ధాలకోరన్నాను. బస్సులో టికెట్ల దగ్గర కూడా ఇలాగే చెబుతావా అన్నాను. ‘‘నువ్వు చెప్పక్కా’’ అని నా భార్య వైపు తిరిగాడు. ఆమె తలొంచుకుని, ‘‘ఆయన రాసిందే నిజంరా’’ అంది. అతను అక్కను కాసేపు చూశాడు. చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు.

తప్పు దొరికిపోయి పారిపోయాడని ఇన్నేళ్లూ అందరికీ చెప్పుకున్నాను. అతనికి ఆ క్షణంలోనే అంతా అర్థమైంది. ఒక్క మాటతో గెలిచేవాడు. అక్క కోసం అబద్ధాలకోరుగా మిగిలిపోయాడు. అతనికి క్షమాపణ చెప్పుకోవడానికి ఈ ఏడాదిలో మూడుసార్లు వాళ్ల వీధి మలుపు దాకా వెళ్లి తిరిగొచ్చాను.

7. నాలుగు సినిమా పుస్తకాలూ నా భార్యకు. ఎడమ పేజీలు నావి, కుడి పేజీలు ఎప్పటినుంచో ఆమెవే. పాప పోయాక నేను బాగున్నాయని మార్కులు వేసినవన్నీ ఆమె సినిమాలు. ఆ పదికి పదిని ఎవరూ దిద్దకూడదు. అది సరైన మార్కే.

నాకు తెలిసిపోయిన సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే ముగింపులు చెప్పడం మానేస్తుందేమోనని భయం. మొన్న కూడా పక్కవాళ్లతో సినిమాకు వెళ్లొచ్చి ఒకటి చెప్పింది. నమ్మాను.

8. ఈ అంశం కింద సగం పేజీ వదులుతున్నాను. నా తదనంతరం ఇందులో నా భార్య తన చేత్తో రాస్తుంది. నేను ఆ వీధి మలుపు దాటి వెళ్లానని, ఆమె తమ్ముడు తలుపు తీశాడని రాసినా సరే, ఆమె ఏం రాస్తే అదే జరిగింది. పిల్లలు గానీ, లాయర్లు గానీ దాన్ని సరిచూడకూడదు. కోర్టులో చెల్లదంటారు, తెలుసు. ఖాళీ జాగా కింద సంతకం పెట్టేవాడంత వెర్రివాడు ఉండడని షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పినవాణ్ణి. సాక్షి సంతకానికి వచ్చిన పక్క షాపు టైలరు కూడా వద్దన్నాడు. తెలిసే పెడుతున్నాను.

(సగం పేజీ ఖాళీ)

తేది: 3 మార్చి 2023

(సంతకం) అనుమానం మేస్త్రి

సాక్షులు:
1. పక్క షాపు టైలరు
2. ఎదుటి మందుల షాపు యజమాని

మేస్త్రి మా ఎదుట సంతకం చేశారు. అప్పటికి పై జాగా ఖాళీగానే ఉంది. అందులో అడ్డగీత కొట్టమని మేమిద్దరం చెప్పాం. ఆయన కొట్టలేదు.