పరమేశ్వర్ ఫోన్‌తో తెరిచిన బండి

మేనేజర్ శ్రీవాణి మేడంకు,

సోమవారం బోధన్ గోదాం గేటుకు కంపెనీ బండిని గుద్దింది పరమేశ్వర్ కాదు, నేను. బండి అతని ఫోన్‌తో తెరుచుకున్నదని మీ కంప్యూటర్ చెప్పింది నిజమే. కానీ ఆ ఫోన్ నా చేతిల ఉండె.

మునుపు తాళంచెవి గోడ మేకుకు ఉండేది, పని పడ్డోళ్లు తీసుకుపోయేది. ఇప్పుడు తాళం ఫోన్‌ల పెట్టిండ్రు. అది రోజూ ఇంగ్లీషుల ఏదో అడుగుతది. నాకు తెలుగే అక్షరం అక్షరం కూడబలుక్కుంటే గాని చదవరాదు. ముప్పై ఏండ్ల సంది బండి నడుపుతున్న డ్రైవర్ను, ఆ మాట చెప్పడానికి సిగ్గయింది.

"నాది తీస్కపో కాకా, ఎవ్వరికి చెప్ప" అన్నడు పరమేశ్వర్. మీరు పనిల నుంచి తీసేసినా చెప్పలేదు.

అతన్ని తిరిగి తీసుకోండి. తీసేసేది ఉంటే నన్ను తీసేయండి.

ఈ ఉత్తరం ఎవరితోనూ రాయించలేదు, మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులు కూడా అతను ఇంట్ల కూసున్నది నా వల్లనే.