తెరమీది తల్లి

మార్చి 9, సోమవారం

డాక్టరమ్మ గారికి,

పిచ్చుక వాళ్ళమ్మ నమస్కారాలు. మీరూ పిల్లలూ కులాసా అనుకుంటాను. నేను ఉన్నాను. నా చదువు అయిదో తరగతే, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

మొన్న మీ కాలేజీ కంప్యూటర్ గదికి పిలిచి, డాక్టరు చదువు పిల్లల కోసం చేయించిన బొమ్మ రోగినీ, ఆమె తల్లినీ తెరమీద చూపించారు. నా కూతురిని తీసుకుపోయిన జబ్బే ఆ రోగికీ పెట్టారు. ఏ మందు ఇచ్చినా చివరికి బిడ్డ దక్కదు, ఆ కబురు తల్లికి ఎలా చెప్పాలన్నదే పాఠం అన్నారు. బాగుందని నేను రెండు ముక్కలు రాసిస్తే వచ్చే వారం మొదలుపెడతామన్నారు. అందుకే ఈ ఉత్తరం.

ముందు కళ్ళజోడు అబ్బాయి చెప్పబోయి తడబడ్డాడు. తెరమీది తల్లి గొల్లుమంది. మీట నొక్కగానే మళ్ళీ ఏమీ ఎరగనట్టు కుర్చీలో కూర్చుంది. ఆమెను చూస్తే నాకు కుళ్ళు పుట్టిందమ్మా. పక్కనున్న పొడుగు జడ అమ్మాయి, ఇక ఆవిణ్ణి కూడా అడ్మిట్ చెయ్యరా అని వాణ్ణి దెప్పి, వెనక నన్ను చూసి నాలుక కరుచుకుంది. ఆ పిల్లని తిట్టకండి. మా పిచ్చుకదీ అదే నోరు. సూది గుచ్చే నర్సమ్మతో, మా అమ్మ మిషను మీద కూడా ఇన్ని కుట్లు వెయ్యదక్కా అనేది.

తర్వాత ఆ జడ అమ్మాయే మైకు దగ్గరికి జరిగి, మీరు నాకు చెప్పిన మాటలే మెల్లగా చెప్పింది. తెరమీది తల్లి తలూపి, సరేనండీ అంది. పచ్చ దీపం వెలిగింది. పూర్తి మార్కులన్నారు. ఆ సరేనండీ ఆ రోజు నా నోట విని బొమ్మ తల్లికి పెట్టించిందేనని, అంత నిబ్బరంగా విన్న తల్లిని మీరు ఎక్కడా చూడలేదని నాతో అన్నారు. నేను తలూపి వచ్చేశాను.

ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుంటే దారం ఎక్కించబుద్ధి కాలేదు. ఆ బొమ్మ తల్లి చేతులు ఖాళీగా ఉన్నాయమ్మా. మీరు నాకు కబురు చెప్పిన పూట నా చేతిలో మూత పెట్టిన పాల గ్లాసు ఉంది. అదైనా పెట్టించండి. మీ మీద నాకు కోపం లేదు. ఇక నాకు ఎవరేం చేసినా ఒరిగేదీ లేదు.

ఉంటాను,
పిచ్చుక వాళ్ళమ్మ

తా.క.: బాగుందని రాయలేనమ్మా. ఆ రోజు మీరు చెప్పింది ఒక్క ముక్కా నా చెవికెక్కలేదు. మీ వెనకున్న వార్డు తలుపు వంకే చూస్తున్నాను. పాలు చల్లారితే అది తాగదు. తొందరగా వదిలితే లోపలికి పోదామని సరేనండీ అన్నాను. ఆ మాటకు మార్కులు వెయ్యకండి. అప్పటికింకా ఆ తల్లికి ఏమీ తెలియదు.