మచ్చల కలబంద, దాని నీళ్ళ హక్కు

బజారు చివర ఫ్యాన్లకు వైండింగు కట్టే మెకానిక్కును, వయసు యాభై రెండు, చదువు ఎనిమిదో తరగతి, అదీ సగమే అయిన నేను, ఎవరి బలవంతమూ లేకుండా, బుద్ధి స్థిమితంగా ఉండగా స్వహస్తాలతో రాసుకున్న వీలునామా. నా బుద్ధి మీద నా భార్యకు అనుమానాలున్నాయి గానీ, అవి పెళ్ళినాటి నుంచీ ఉన్నవే గనక చెల్లవు. సోమవారం డాక్టరు నా గుండె మీద కత్తి పెడతాడు. అందుకని ఈ జాగ్రత్త.

1. ఇల్లు, ఇంట్లో సామాను నా తదనంతరం నా భార్యకు సర్వహక్కులతో చెందుతాయి. ఇందులో తిరకాసు ఏమీ లేదు, వెతకొద్దు.

2. షాపు, పనిముట్లు నా కూతురికి. కాయిలు నాకంటే బిగువుగా చుడుతుంది. ఈ మాట బతికుండగా దానికి చెప్పలేదు, నెత్తికెక్కుతుందని.

3. నా రబ్బరు బల్లి మా బావగారికి. నా కుర్చీలోనే కూర్చుని "తీగ చుట్టడం కూడా ఒక పనేనా" అన్న పెద్దమనిషి. బల్లిని విడిగా అప్పగించనక్కర్లేదు. ఇప్పటికే వారి ఇంట్లో ఉంది. ఎక్కడన్నది చెప్పను.

4. ఇక అసలు ఆస్తి. షాపు కిటికీలో ఉన్న మచ్చల కలబంద. అరచేతిలో పడుతుంది. ముదురాకుల మీద వరసగా తెల్ల చుక్కలు, అంచున మెత్తటి ముళ్ళు. దీని పూర్వాపరాలు వారసులకు తెలియవు గనక రాస్తున్నాను.

నర్సరీలో పనిచేసే మా తమ్ముడు నాలుగేళ్ళ కిందట దీని తల్లిమొక్కను తెచ్చి వాళ్ళ వదినకు ఇచ్చాడు. మా ఆవిడది శుభ్రం పిచ్చి. ఆ చుక్కలు పురుగేనని తేల్చి, సబ్బునీళ్ళూ పాత పళ్ళబ్రష్షూ పట్టుకుని ఆకు ఆకునా తోమింది. పోలేదు. మర్నాడు మళ్ళీ తోమింది. వారం తిరిగేసరికి మొక్క కుళ్ళి కూలబడింది. తమ్ముడు చూశాడు. "పుట్టుమచ్చను సబ్బుతో తోముతారా వదినా? అయితే నీ గడ్డం మీదదానితో మొదలుపెట్టాల్సింది" అన్నాడు. "పురుగుల మొక్క అంటగట్టి పైగా ఎకసెక్కాలా? ఇంకెప్పుడూ నా గుమ్మం ఎక్కకు" అంది ఆవిడ. "ఎక్కితే ఒట్టు" అన్నాడు వాడు. ఇద్దరూ మాట మీద నిలబడే మనుషులు. అదే మా ఇంటి దరిద్రం.

చెత్తబుట్టలో పడ్డ ఆ మొక్క మొదలు దగ్గర గోరంత పిలక బతికుంది. దాన్ని షాపుకు తెచ్చి, గాయం ఆరేదాకా కాగితం మీద ఉంచి, ముతక ఇసుక కలిపిన మట్టిలో నాటాను. ఇద్దరికీ చెప్పలేదు. మా ఆవిడ టిఫిను తెచ్చినప్పుడల్లా దాని ముందే నిలబడి, "ఈ ప్లాస్టిక్ మొక్క భలే ఉందండీ, చుక్కలు ఎంత బాగా వేశాడో" అంటుంది. నేను ఔననలేదు, కాదనలేదు.

5. సదరు మొక్కను, కుండీతో సహా, నా భార్యకు ఇస్తున్నాను. ఇంట్లో తూర్పు కిటికీలో ఉంచాలి. దానికి నీళ్ళు పోసే హక్కు మాత్రం యావత్తూ నా తమ్ముడిది. వేలు గుచ్చితే లోపలిదాకా మట్టి పొడిగా తగిలినప్పుడే పోయాలి. ఆకుల నడుమ నీటిచుక్క పడకూడదు. గుమ్మం బయట నిలబడి మట్టిలో వేలు పెట్టడం ఎవరి తరమూ కాదు గనక వాడు లోపలికి రావాలి. వచ్చినవాడికి కాఫీ ఇవ్వడం, ఇవ్వకపోవడం నా భార్య ఇష్టం. సబ్బు, బ్రష్షు నిషేధం.

6. పిలకలు పుడితే ఇద్దరికీ చెరిసగం. ఎవరెవరికి ఏవన్నది ఇద్దరూ మాట్లాడుకుని తేల్చుకోవాలి. సైగలు చెల్లవు.

7. రాసినవాడు పోయాకే వీలునామా అమల్లోకి వస్తుందట. మిగతా క్లాజులకు సరే. అయిదో క్లాజుకు అంత ఓపిక లేదు. ఆకులు పలచబడి లోపలికి ముడుచుకుంటున్నాయి, అంటే దాహం. ఆదివారం పొద్దున మొక్క ఇంటికి చేరుతుంది. తమ్ముడికి కబురు వెళ్ళింది. తలుపు గడియ తీసి ఉంచాలి. కత్తి కిందికి వెళ్ళేముందు ఆ ఒక్క చెంబు నీళ్ళు పోయడం చూసి వెళ్తాను.

తేదీ: మార్చి పధ్నాలుగు, శుక్రవారం, షాపు కట్టేసే వేళ.

(సంతకం) ఫ్యాన్ల మెకానిక్కు, బజారంతా పిలిచే పేరు తిరకాసు

సాక్షులు:
1. పక్క కొట్టు టైలరు. దీన్ని అమలు చేయవలసినదీ ఈయనే. కొలతల్లో తేడా రానివ్వడు.
2. ఎదురు మందుల షాపాయన. తమ్ముడికి కబురు చేర్చింది ఈయన. "వస్తాను గానీ, నీళ్ళు నేనే తెచ్చుకుంటానని చెప్పు" అన్నాడట.