ముందు రాళ్లు చూడు

నాన్నకు నమస్కారాలు. ఇక్కడ ఇద్దరం కులాసాగానే ఉన్నాం, నీ అల్లుడి దగ్గు తగ్గింది. మూడు పేజీల ఉత్తరం రాసి, నీ మోకాలి నొప్పి సంగతి మాత్రం దాటేశావు. నాకు తెలియదనుకోకు.

"అణువులు తిరగడం, వణకడం కంప్యూటర్‌లో కనిపిస్తుందా?" అని అడిగావు. కనిపించదు. పరమాణువుల బరువులు, వాటి మధ్య పట్టు ఎంతో మనం చెబితే, అణువు ఎలా తిరుగుతుందో, ఎలా వణుకుతుందో, ఏ వెలుగును మింగుతుందో కంప్యూటర్ లెక్కకట్టి గీతలు గీస్తుంది. పక్కగదిలో వెలుగు కొలిచే మిషన్ నడిపే ఆయన, మేం మిషనాయన అంటాం, అసలు గ్యాసు మీద అవే గీతలు కొలుస్తాడు. రెండూ కలవాలి.

కలవలేదు. అంతే, మా పెద్దసారు ముందూ వెనకా చూడకుండా "నీ మిషన్ పాడైంది" అని ఆయన్ని పదిమందిలో కడిగేశాడు. ఇరవై ఏళ్లుగా దాన్ని కన్నబిడ్డలా చూసుకున్న మనిషిని! వచ్చే సోమవారం నుంచి ఆయన్ని స్టోర్‌రూముకి మారుస్తారట. ఆయన రెండు వారాలుగా మిషన్ విప్పి అద్దాలు తుడుస్తూనే ఉన్నాడు. "మీ లెక్క తప్పదమ్మా, నా దగ్గరే ఏదో ఉంది, కాస్త ఓపిక పట్టండి" అని నాకే సర్దిచెప్పాడు.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు నాన్నా. తప్పు నాది. ఆయన సీసాలో ఉన్న గ్యాసు అణువులో ఒకచోట భార హైడ్రోజన్ ఉంది, మామూలు దానికి రెండింతల బరువు. నేను పాత ఫైలు కాపీ చేసి మామూలు బరువే వదిలేశాను. మంగళవారం చూసి మార్చగానే, నా గీతలు వెళ్లి ఆయన గీతల మీద కూర్చున్నాయి.

పరిగెత్తి సారుకు చెప్పాను. "నోరు మూసుకుని ఫైలు సరిచెయ్. మిషనే బాగుపడిందందాం, పరువు దక్కుతుంది" అన్నాడు. ఎవరి పరువు? దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు! ఒళ్లు మండిపోయింది. కానీ రెండు రోజులు నోరు మూసుకున్నాను. సారు మీద ఎంత కోపముందో, నా మీద అంతకు రెట్టింపు.

నీ రిపేరు దుకాణానికి ఎవరు త్రాసు తెచ్చినా విప్పకముందే వాళ్ల తూకం రాళ్లు పరీక్షించేవాడివి. "రాళ్లు చూడకుండా త్రాసును తిట్టకే" అని నన్నెన్నిసార్లు కసిరావో.

ఈ పొద్దున అందరికీ రాసి పంపేశాను, తప్పు మిషన్‌ది కాదు, నాదని. సారు మాట్లాడటం మానేశాడు. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. మిషనాయన వచ్చి ఆ ఫైలు చూపించమన్నాడు. నేను మార్చిన బరువు దగ్గర వేలు పెట్టాడు.

"రెండు వారాలు అద్దాలు తుడిచానమ్మా" అన్నాడు. అంతే, వెళ్లిపోయాడు.

ఏం జవాబు చెప్పాలో నువ్వైనా రాయి.

ఇట్లు,
రాళ్లు చూడని నీ చిన్నకూతురు