ముందు వరసలో కుర్చీ

బాబాయికి,

నమస్కారం పెట్టబుద్ధి కావడం లేదు. నాన్న నేర్పిన మర్యాద కాబట్టి పెడుతున్నాను.

లైబ్రరీలో నా ఉపన్యాసానికి క్షమాపణ చెప్పమని కబురు పంపారు. చెప్పను.

చేప, కోడి, మనిషి పిండాల బొమ్మలు పక్కపక్కన పెట్టి, తల్లి కడుపులో మనకీ మొదట చిన్న తోక ఉంటుందనీ, జీవులన్నిటికీ మూలం ఒకటేననీ చెప్పాను. మీరు లేచి, "దేవుడు మనిషిని మనిషిగానే చేశాడు. నీ తోక ఎప్పుడు ఊడిందమ్మా?" అన్నారు. హాలంతా పగలబడి నవ్వింది. మన ఇంట్లో మొదట చదువుకున్న కూతురు మాట్లాడుతుందని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్న నాన్న తలొంచుకుని వెళ్ళిపోయాడు. టీకొట్టు దగ్గర ఆయన్ని ఇప్పుడు "తోకాయన" అంటున్నారు. పనికి చుట్టుదారిన వెళ్తున్నాడు.

ఆ తలవంపు మీకూ రుచి చూపిస్తాను. ఆదివారం అదే హాల్లో మళ్ళీ ఉపన్యాసం ఉంది. నాన్న కూర్చున్న కుర్చీ మీకోసం ఉంచమన్నాను. ఆ ప్రశ్న తప్పకుండా అడగండి, అందరూ వింటారు.

ఈసారి మాట్లాడేది నేను కాదు, ఆ బొమ్మలు గీసిన అమ్మాయి. "అక్కా, మా నాన్న వెక్కిరించింది నా బొమ్మల్ని చూసే కదా, జవాబు నేనే చెప్తా" అని పట్టుబట్టింది.

అవును, మీ కూతురే.

మీ అన్న కూతురు