నిమ్మరసంతో రాసిన కాగితం

నేను చెత్తబుట్టలోంచి తీసి ఈ చీటీ కింద పెట్టింది ఖాళీ కాగితం కాదండీ. పాప నిమ్మరసంలో పుల్ల ముంచి మీకు రాసింది. ఇస్త్రీపెట్టె వేడెక్కాక మెల్లగా రుద్దండి, అక్షరాలు తేలతాయి. మాడ్చకండి.

నిరుడు మీరు నేర్పిన విద్యే. చూడగానే పోల్చుకుంటారనుకుంది పిచ్చిది. రోజుకొకటి మీ దిండు మీద పెడుతోంది, మీరు పారేస్తున్నారు. ఇది మూడోది. మిల్లు మూతపడ్డాక మా మొహాలే చూడని మనిషి, దీన్ని చూస్తారన్న ఆశ నాకైతే లేదు.

అన్నం మూతపెట్టాను. తినండి.

ఇంకోమాట. మొదటిది నేనే రుద్ది చూశాను. "నాన్నా, చదివితే రేపు నాకు జడ వెయ్యి" అని ఉంది. రెండు రోజులు దువ్వెనతో మీ మంచం పక్కన నిలబడింది. ఇవాళ తనే వేసుకుని బడికి వెళ్లిపోయింది.